దొనకొండ – లీమా: యాభై రెండు నిమిషాలు

రెండు ఊళ్ల మధ్య దూరం ఎంతని అడిగితే మనలాంటి వాళ్లం ఫోన్ తీసి చూస్తాం. సాకేతరామ్ చూడడు. ఒక్క క్షణం కనుబొమలు ముడిచి చెప్పేస్తాడు. ఢిల్లీ నుంచి టోక్యో ఎంత, చెన్నై నుంచి పారిస్ ఎంత, ఎదురుగాలి ఉంటే ఎన్ని గంటలు, లేకపోతే ఎన్ని గంటలు, అన్నీ అతనికి నోటికి వచ్చు. పెళ్లిచూపుల్లో మేదినిని అతను అడిగిన మొదటి ప్రశ్న, "మీరు ఇప్పటిదాకా వెళ్లిన అతి పొడుగాటి రూటు ఏది?" అని. ఆమె విమానాల్లో క్యాబిన్ క్రూ. ఫక్కున నవ్వేసింది. ఆ నవ్వుతోనే సంబంధం ఖాయమైందని సాకేతరామ్ తల్లి కనకవల్లి ఇప్పటికీ అంటుంది.

అతను దొనకొండ అంతర్జాతీయ విమానాశ్రయంలో సమీర ఎయిర్‌వేస్‌కి ఫ్లైట్ డిస్పాచర్. విమానం కదలక ముందు దూరం ఎంత, సమయం ఎంత, ఇంధనం ఎంత అని లెక్కకట్టి ఒక కాగితం తయారుచేస్తాడు. దాని మీద అతనిదొక సంతకం, కెప్టెన్‌దొక సంతకం. ఆ రెండింటిలో ఒకటి లేకపోయినా ఎంత లావు విమానమైనా ఉన్నచోటే ఉంటుంది. ఆ సంతకం మీద అతనికి కొంచెం గర్వం ఉన్న మాట నిజమే.

దొనకొండ నుంచి పెరూ దేశంలోని లీమాకి పదిహేడు వేల నాలుగు వందల యాభై కిలోమీటర్లు. భూగోళానికి మనం ఈ వైపునుంటే వాళ్లు దాదాపు ఆ వైపున ఉంటారు. ఎక్కడా ఆగకుండా ఎగిరితే పందొమ్మిదిన్నర గంటలు పడుతుంది. శాస్త్రవేత్త డాక్టర్ గుత్తికొండ భార్గవి దూరాన్ని కాగితంలా మడిచే 'మడత' కనిపెట్టాక యాభై రెండు నిమిషాలు పడుతోంది.

లేచిన ఇరవై నాలుగు నిమిషాలకి విమానం నల్లమల మీద ముప్పై వేల అడుగుల ఎత్తుకి చేరుతుంది. అక్కడ కంటికి కనపడని గుమ్మం ఒకటి ఉంటుంది. అది దాటే రెండు నిమిషాలూ లోపలున్న అందరికీ కునుకు పడుతుంది, విమానం తనంతట తాను పోతుంది. కళ్లు తెరిచేసరికి కింద పసిఫిక్ సముద్రం. ఇంకో ఇరవై ఆరు నిమిషాల్లో లీమా. దిగినవాళ్లు టాయిలెట్ల ముందు బారులు తీరతారు, అక్కడి నుంచి నేరుగా క్యాంటీన్ల మీద పడతారు, టాక్సీ ఎక్కగానే గుర్రుపెడతారు. ప్రపంచానికి ఆ చివరికి పోయినవాడు అలిసిపోడా మరి అని అందరూ సరిపెట్టుకున్నారు. జెట్ లాగ్ అనే మాట ముందే ఉంది కనక ఎవరూ వేరే కారణం వెతకలేదు.

మేదినిని ఆ రూటు మీద వేయించింది సాకేతరామే. అంతకుముందు ఆమె సోమవారం వెళితే గురువారం వచ్చేది. మడత మొదలవగానే అతను మేనేజరు చుట్టూ వారం రోజులు తిరిగి భార్యకి ఉదయం ఏడింటి విమానం సంపాదించాడు. వారానికి ఐదు రోజులు, వెళ్లి రావడం, పదింటికల్లా ఇంట్లో ఉండటం. "మా ఆవిడ పెరూ వెళ్లొచ్చి బెండకాయ వేపుడు చేసింది" అని కనపడ్డ ప్రతివాడితోనూ చెప్పి మురిసిపోయేవాడు.

మేదిని ఆకలికి మాత్రం అంతు లేకుండా పోయింది. విమానాశ్రయం పక్కన ఉద్యోగుల క్వార్టర్స్‌లోనే కాపురం. డ్యూటీ దిగి రాగానే ఇద్దరు మనుషుల తిండి తినేది, తిన్నా చిక్కిపోతుండేది. "ఆ కూడంతా ఏడికి పోతందమ్మాయ్?" అని కనకవల్లి ఆటపట్టించేది. కోడలు నవ్వి పెరుగు గిన్నె దగ్గరికి లాక్కునేది.

పెళ్లయిన ఏడో ఏడు, జులైలో, మేదిని కడుపుతో ఉందని తెలిసింది. కనకవల్లి వెంటనే హుకుం జారీచేసింది.

"మూడో నెల నిండిందాకా పొక్కనీబాకండి. ఇంట్లో మనకి తప్ప గాలికి గూడా తెలవగూడదు."

అందుకే మేదిని కంపెనీకి చెప్పలేదు. చెబితే విమానం ఎక్కనివ్వరు, ఎందుకు ఎక్కడం లేదని నలుగురూ అడుగుతారు, ఆరా తీస్తారు. "యాభై రెండు నిమిషాలేగా అత్తయ్యా, మార్కాపురం బస్సులో కూర్చున్నంతసేపు కూడా కాదు" అని రోజూ వెళ్లొస్తూనే ఉంది.

ఆగస్టు నాలుగో తేదీ సాయంత్రం మొగుడూ పెళ్లాలు మొదటి స్కానింగ్‌కి మార్కాపురం వెళ్లారు. డాక్టరమ్మ తెర మీద చూస్తూ చూస్తూ విసుక్కుంది.

"ఇన్నాళ్లూ ఏం చేస్తున్నారమ్మా? ఐదో నెల నడుస్తోంది. ఇప్పుడా రావడం?"

"ఐదు కాదు డాక్టర్, మూడో నెల" అంది మేదిని.

"నేను తారీఖులు చూడటం లేదు, బిడ్డను చూస్తున్నాను. పందొమ్మిది వారాలు. పైగా ఆ వారాలకి ఉండాల్సిన బరువు కూడా లేదు. నువ్వు సరిగ్గా తింటున్నావా అసలు?"

ఇంటికి వచ్చే దారిలో కారు నడుపుతూనే సాకేతరామ్ లెక్క కట్టడం మొదలుపెట్టాడు. అతని బుర్ర లెక్కలు కట్టడానికే పుట్టిన బుర్ర. వద్దన్నా ఆగలేదు. పందొమ్మిది వారాలు వెనక్కి పోతే, డాక్టర్లు ముందు కలుపుకునే రెండు వారాలూ తీసేస్తే, ఏప్రిల్ రెండో వారం వస్తుంది. ఏప్రిల్ ఒకటి నుంచి మే ఆఖరు దాకా అతను ట్రైనింగని నాగ్‌పూర్‌లో ఉన్నాడు. మధ్యలో ఒక్కసారి కూడా ఇంటికి రాలేదు. వేరే రకంగా కట్టి చూశాడు. అదే వచ్చింది. ఏప్రిల్‌లో ఉదయం ఏడింటి విమానం నడిపిన కెప్టెన్లెవరో ఒక్కొక్కరి ముఖమే కళ్ల ముందు కదిలింది. తన మీద తనకే అసహ్యం వేసింది, అయినా ఆ ముఖాలు పోలేదు.

ఇంటి ముందు కారు ఆపాడు. మేదిని దిగలేదు.

"ఏంటి లెక్కపెడుతున్నావు?" అంది.

"ఏం లేదు."

"సాకేత్, నిన్ను నేనెరగనా? పైకే చెప్పు."

అతను స్టీరింగ్ మీద నుంచి చేతులు తీయకుండా, ఆమె వైపు చూడకుండా అడిగేశాడు. "ఎవరు మేదినీ?"

ఆమెకి ఆ ప్రశ్న అర్థం కావడానికి కాసేపు పట్టింది. అర్థమయ్యాక అరవలేదు, ఏడవలేదు. "యంత్రం తప్పు చెప్పి ఉండొచ్చు. డాక్టరు పొరపాటు పడి ఉండొచ్చు. ఇవేమీ తట్టలేదు కదూ నీకు" అంది. కారు దిగి లోపలికి వెళ్లి గది తలుపు వేసుకుంది. సాకేతరామ్ హాల్లో సోఫా మీద పడుకుని తెల్లవారేదాకా దొర్లాడు.

క్వార్టర్స్ గోడలు పల్చన. కనకవల్లికి విషయం తెలిసిపోయింది. పొద్దున్నే కొడుకు పక్కనుంచి పోతూ, "ఆ పిల్ల అట్టాంటిది కాదురా" అని ఒక్క మాట అని వంటింట్లోకి వెళ్లింది. బిడ్డ బరువు లేదని డాక్టరమ్మ అన్న మాట ఆమెను నిద్రపోనివ్వలేదు. కంపెనీ వాళ్లు పెట్టే తిండిని నమ్ముకుంటే లాభం లేదనుకుంది. వేడన్నం మెత్తగా మెదిపి, గోరువెచ్చని పాలు పోసి, చెంచాడు పెరుగు వేసి కలిపి స్టీలు డబ్బాలో పెట్టింది. ప్రయాణాలకి ఆమె ఎప్పుడూ కట్టే అన్నం అదే. బయల్దేరేటప్పుడు పాలన్నం, తినే వేళకి పెరుగన్నం. కోడలు యూనిఫాం వేసుకుని బయటికి రాగానే చేతిలో పెట్టింది.

"తిరిగొచ్చి డ్యూటీ దిగంగానే తిను, ఇంటికొచ్చిందాకా ఆగబాక. ఈలోపల తోడుకోదు" అంది. మేదిని అత్తగారి ముఖంలోకి చూసి, డబ్బా తీసుకుని వెళ్లిపోయింది.

ఆ ఉదయం కూడా సాకేతరామ్ కాగితం మీద యాభై రెండు నిమిషాలని రాసి సంతకం పెట్టాడు. ఏడింటికి లేచిన విమానం తిరిగి తొమ్మిదీ ముప్పై రెండుకి దిగింది. మేదిని దిగలేదు. ఆమెతో పనిచేసే రుక్సానా డిస్పాచ్ గదికి వచ్చి బల్ల మీద స్టీలు డబ్బా పెట్టింది.

"మేదినక్క రాలేదన్నా. ఒంట్లో బాలేదని రాసిచ్చి లీమాలో మన హోటల్‌కి పోయింది. ఇది అమ్మకిచ్చేయమంది."

"ఇంకేమైనా చెప్పిందా?"

"లేదన్నా. ముట్టుకోలేదు కూడా. ఇంటిది ఇంటికే ఇచ్చేయమంది."

రుక్సానా వెళ్లిపోయాక అతను ఆ డబ్బా వంక చూస్తూ కూర్చున్నాడు. తినకుండా వెనక్కి పంపిందంటే దాని అర్థం విడమరిచి చెప్పక్కర్లేదు. ఊరికే మూత తీశాడు. గుప్పుమన్న పులుపు వాసనకి కుర్చీ వెనక్కి జరిగింది. పక్క బల్ల దగ్గరి వాళ్లు ముక్కు మూసుకున్నారు. అతనికి అంత బాధలోనూ కోపం వచ్చింది. కడుపుతో ఉన్న మనిషికి పాచి అన్నం కట్టిందా అమ్మ? డబ్బా పట్టుకుని స్కూటరెక్కి ఐదు నిమిషాల్లో ఇంటి ముందు దిగాడు.

"ఏందే అమ్మా ఇది? ఎప్పటి అన్నం పెట్టావు దానికి?"

కనకవల్లి డబ్బాలోకి తొంగి చూసింది. వేలితో అన్నం కదిపింది. పైన తేలిన పసుపు నీళ్లు చూసింది, అంచున బూజు చూసింది.

"ఇది నేను కట్టింది కాదురా."

"డబ్బా మనదే కదా!"

"డబ్బా మనదే. అన్నం పొద్దున్నే వండిందే. ఆరుగంటలప్పుడు పాలు పోసి కలిపినా. ఇప్పుడు పదైంది. ఈ పాటికి పాలు పాలుగా ఉండాల, మహా అయితే కాస్త చిక్కబడాల. ఇది రెండ్రోజుల నాటి అన్నంరా. యాభై ఏళ్ల నుంచి తోడేస్తన్నా, నాకు తెలవదా?"

"ఎండకి పాడైందేమో."

"విమానంలో ఎండేడిదిరా? చలికి ఒణికి చస్తన్నామంటదే నీ పెళ్లాం."

సాకేతరామ్ డబ్బా మూత పెట్టాడు. రెండు రోజులు అని అమ్మ ఉజ్జాయింపుగా చెప్పింది. అతనికి ఉజ్జాయింపులు పడవు. వెళ్లడానికి పందొమ్మిదిన్నర, రావడానికి పందొమ్మిదిన్నర, మొత్తం ముప్పై తొమ్మిది గంటలు. మధ్యలో లీమాలో ఆగింది, ఇక్కడ ఎదురుచూసింది కలిపితే దాదాపు రెండు రోజులు. అతను అరుగు మీద అలాగే కూలబడ్డాడు. ఆకలి గుర్తొచ్చింది, చిక్కిపోవడం గుర్తొచ్చింది, మూడు రోజులకోసారి గోళ్లు కత్తిరించుకుంటూ ఏమిటీ కర్మ అని మేదిని నవ్వుకోవడం గుర్తొచ్చింది.

రుక్సానాకి ఫోన్ చేశాడు. ఎలా అడగాలో తెలియక నీళ్లు నమిలాడు. చివరికి, "అమ్మా, ఈ రూటులో పనిచేసే ఆడవాళ్లకి ఆరోగ్యం ఏమైనా తేడాగా ఉంటోందా?" అన్నాడు.

రుక్సానా గొంతు తగ్గించింది. "మీరడిగారు కాబట్టి చెప్తున్నానన్నా. మా అందరికీ నెలకి రెండుసార్లు వస్తోంది. మేదినక్కకీ అంతే, కడుపు నిలిచేదాకా. కంపెనీ డాక్టరుకి మూడుసార్లు చెప్పాం. విటమిన్ మాత్రలు రాసిచ్చాడు."

భార్గవి ప్రయోగశాల రన్‌వేకి ఆ చివర ఉంది. సాకేతరామ్ వెళ్లేసరికి ఆమె ఒక పెద్ద తెర ముందు నిలబడి టీ తాగుతోంది. యాభై ఏళ్ల మనిషి, మెత్తగా మాట్లాడుతుంది. అతను చెప్పిందంతా శ్రద్ధగా వింది. వెనకాలే పాలగిన్నె, పెరుగు పట్టుకుని వచ్చిన కనకవల్లిని చూసి కుర్చీ వేయించింది.

"సాకేతరామ్ గారూ, మడతలోకి మేము పంపినంత కచ్చితమైన గడియారాలు దేశంలో ఇంకెక్కడా లేవు. నాలుగు వందల సార్లు పంపాం. ప్రతిసారీ యాభై రెండు నిమిషాలే చూపించాయి" అంది.

"గడియారానికి ఆకలేస్తదా అమ్మా?" అంది కనకవల్లి.

భార్గవి టీ గ్లాసు కింద పెట్టింది.

పరీక్ష చాలా చిన్నది. ఒకే గిన్నెలోని పాలు రెండు గ్లాసుల్లో పోశారు. కనకవల్లి రెండింటిలోనూ ఒకే పెరుగులోంచి ఒక్కో చెంచా వేసి కలిపింది. ఒక గ్లాసు భార్గవి బల్ల మీద ఉండిపోయింది. రెండోది ఒక పెట్టెలో పెట్టి, పక్కనే గడియారం ఉంచి, పదకొండున్నర విమానంలో పంపారు. ఆ విమానం తిరిగొచ్చేదాకా ముగ్గురూ అక్కడి నుంచి కదల్లేదు. సాకేతరామ్ కిటికీకీ తలుపుకీ మధ్య నడుస్తూనే ఉన్నాడు. "కూసోరా, నీ నడక చూస్తంటే నాకు కళ్లు తిరగతన్నయి" అని తల్లి కసిరినా ఆగలేదు. పాలు పాలుగానే తిరిగొస్తే భార్య తప్పు చేసినట్టు. పులిసి వస్తే తను తప్పు చేసినట్టు. పులిసి రావాలని అతను దేవుణ్ణి వేడుకున్నాడు. వేడుకుంటూనే, అంటే ఇప్పటికీ నేను దాన్ని నమ్మడం లేదన్న మాటే కదా అని సిగ్గుతో చచ్చిపోయాడు.

రెండు దాటాక పెట్టె వచ్చింది. గడియారం సరిగ్గానే ఉంది, ఒక్క సెకను తేడా లేదు. బల్ల మీది గ్లాసులో పాలు అప్పుడే కొంచెం చిక్కబడుతున్నాయి. పెట్టెలోని గ్లాసులో పెరుగు ఎప్పుడో గడ్డకట్టి, పులిసి, నీరు వదిలి, పగుళ్లు తీసింది. భార్గవి చెంచాతో కొంచెం తీసి నాలిక మీద వేసుకుంది. ముఖం ముడుచుకుపోయింది. చెంచా కింద పెట్టేసింది.

"వస్తువులు దూరాన్ని దాటేస్తున్నాయి" అంది. "ప్రాణం ఉన్నవి దాటలేకపోతున్నాయి. ఆ పదిహేడు వేల కిలోమీటర్లూ వాటి ఒంట్లో జరిగి తీరుతున్నాయి. మనకి కునుకులా అనిపించే రెండు నిమిషాల్లో ఒళ్లు పందొమ్మిది గంటలు బతికేస్తోంది, తిండీ నీళ్లూ లేకుండా. మేము దిగినవాళ్ల గుండె చూశాం, రక్తపోటు చూశాం. అన్నీ బాగానే ఉన్నాయని రాసుకున్నాం. పందొమ్మిది గంటలు పస్తున్నంత మాత్రాన ఎవరి గుండె ఆగుతుంది? ఒక్కసారైనా పాలు పంపాలని నాకు తట్టలేదు."

సాకేతరామ్ గోడకి ఆనుకుని లెక్క కట్టాడు. అతను నాగ్‌పూర్ నుంచి వచ్చాక కడుపు నిలిచి ఉండాల్సిన జూన్ పదో తేదీ నుంచి మేదిని ఎక్కిన విమానాలు, వెళ్లినవీ వచ్చినవీ కలిపి, ఎనభై. ఒక్కోదానికి కాగితం మీద లేని పద్దెనిమిదిన్నర గంటలకి పైనే. అంతా కలిపితే అరవై రెండు రోజులు. సరిగ్గా రెండు నెలలు. ఏప్రిల్లో ఎవరూ లేరు. ఉన్నదల్లా అతను సంపాదించి పెట్టిన ఉదయం ఏడింటి విమానం, దాని కింద అతని సంతకం. ఆ రెండు నెలలూ బిడ్డ తల్లి ఒంట్లోంచి లాక్కుని పెరిగింది. తల్లి ఒంట్లో లేనిది దానికెక్కడి నుంచి వస్తుంది? అతనికి దుఃఖం ఆగలేదు. డాక్టర్ భార్గవి ఎదుట, తల్లి ఎదుట, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని ఏడ్చాడు.

నాలుగింటికి లీమా విమానం సిద్ధంగా ఉంది. రెండు వందల ఎనభై మంది ఎక్కి కూర్చున్నారు. డిస్పాచ్ గదిలో సాకేతరామ్ కాగితం తీసి దూరం రాశాడు. సమయం అన్నచోట పందొమ్మిది గంటల ముప్పై నిమిషాలని రాశాడు. సంతకం పెట్టలేదు.

కెప్టెన్ దేవసహాయం కాగితం అందుకుని నవ్వాడు. "ఏంటయ్యా, మతిగానీ పోయిందా? తప్పు రాశావు."

"ఇన్నాళ్లూ రాసిందే తప్పు సార్" అని సాకేతరామ్ జరిగింది చెప్పాడు. ప్రయోగశాల నుంచి వెంట తెచ్చిన రెండు గ్లాసులూ బల్ల మీద పెట్టాడు. దేవసహాయం వాటిని చూశాడు. తర్వాత చెంప తడుముకున్నాడు. అతను రోజుకి మూడుసార్లు గడ్డం గీసుకుంటున్నాడు, నాసిరకం బ్లేళ్లని షాపువాణ్ణి తిడుతున్నాడు. జేబులోంచి తీసిన పెన్ను తిరిగి జేబులో పెట్టుకున్నాడు.

స్టేషన్ మేనేజరు పరుగున వచ్చాడు. "ఉద్యోగం ఉండదు నీకు, తెలుస్తోందా? పెరుగు పులిసిందని విమానం ఆపుతారా ఎవరైనా?" అని గది దద్దరిల్లేలా అరిచాడు. సాకేతరామ్ కాగితాన్ని అతని ముందుకి జరిపాడు. "మీరు పెట్టండి సార్ సంతకం. మీ అమ్మాయిని ఎక్కించి పెట్టండి." మేనేజరు కాగితం ముట్టుకోలేదు. విమానం కదల్లేదు. సాయంత్రానికల్లా భార్గవి తన చేత్తోనే నల్లమల మీది గుమ్మం మూయించింది.

గుమ్మం మూతపడ్డాక గానీ మేదినికి ఫోన్ చేసే ధైర్యం రాలేదు అతనికి. లీమాలో అప్పుడు ఉదయం. రెండోసారికి ఎత్తింది.

"మేదినీ, నాదే తప్పు. విమానంలో ఒంటికి..." అని మొదలుపెట్టి గబగబా అంతా చెప్పాడు. అమ్మ కట్టిన అన్నం, రెండు గ్లాసులు, ఎనభై ప్రయాణాలు, అరవై రెండు రోజులు. ఆమె మధ్యలో అడ్డు రాలేదు.

"బిడ్డకేమైనా ప్రమాదమా?" అని మాత్రం అడిగింది.

"ఇంక మడత ఎక్కకపోతే, బాగా తింటే ఫరవాలేదంది డాక్టరమ్మ. ఆమెతో మాట్లాడాను. నువ్వు మామూలు విమానంలో వచ్చెయ్యి, నేను టికెట్..."

"పెరుగు చెబితే నమ్మావు" అంది మేదిని.

అతను ఫోన్ చెవికి ఇంకాస్త అదుముకున్నాడు.

"నేను చెప్పక్కర్లేకుండా నమ్మాల్సింది సాకేత్. మూడో నెలని నేను చెప్పినా నమ్మలేదు. పెరుగు చెబితే నమ్మావు. నేను రాను." ఫోన్ పెట్టేసింది.

ఆమె మళ్లీ ఎత్తలేదు. సాకేతరామ్ ఇంట్లో ఒకచోట నిలవలేకపోయాడు. కూర్చుంటే లేచేవాడు, లేస్తే గుమ్మం దాకా వెళ్లి వచ్చేవాడు. "పోరా" అంది కనకవల్లి. "ఈడ తిరిగేదేదో ఆడికి పోయి తిరుగు." మర్నాడే అతను బయల్దేరాడు.

ప్రపంచంలోని విమానాశ్రయాల మధ్య దూరాలన్నీ నోటికి వచ్చిన ఆ మనిషి, నాగ్‌పూర్ దాటి ఎప్పుడూ ఎగిరింది లేదు. చెన్నైలో ఒక విమానం, మాడ్రిడ్‌లో ఇంకొకటి. నడుమ ఏడు గంటల పడిగాపులు. కాగితం మీద ఒక్క గీతతో దాటేసే అరేబియా సముద్రం ఎంతసేపటికీ తరగలేదు. అట్లాంటిక్ అయితే ఇక అయిపోదేమో అనిపించింది. మోకాళ్లు పట్టేశాయి. పక్క సీటాయన భుజం మీద వాలి నిద్రపోయాడు. సాకేతరామ్‌కి కునుకు పట్టలేదు. నిద్రపోవాలనీ లేదు. కారులో తను అడిగిన ఆ రెండు మాటలే చెవుల్లో మోగుతుంటే, ఒక్కో గంటా ఒంటి మీదుగా పోతుండగా మేలుకుని కూర్చున్నాడు.

లీమాలో దిగేసరికి మధ్యాహ్నం. హోటల్ ముందు గదిలో మేదిని ఒక మూల కుర్చీలో కూర్చుని ఉంది. ముందున్న పళ్లెంలో సగం తిన్న అన్నమూ చేపా ఉన్నాయి. వదులు చొక్కా వేసుకుంది, కడుపు ఇప్పుడు బాగా తెలుస్తోంది. ముఖం వయసు మీదపడినట్టు కనిపించింది, కళ్ల కింద సన్నని గీతలు పడ్డాయి. అవి ఎప్పుడు వచ్చాయో రోజూ చూస్తూ కూడా అతను గమనించలేదు.

ఆమె తలెత్తి చూసింది. నలిగిన చొక్కా, పెరిగిన గడ్డం, వాచిన కాళ్లు చూసింది.

"ఎన్ని గంటలు పట్టింది?" అంది.

"ముప్పై నాలుగు."

"చాలవు" అంది మేదిని.

అతను తలూపాడు. ఆ లెక్క అతనికి కూడా అలాగే తేలింది. ఎదురుగా ఒక కుర్చీ ఖాళీగా ఉంది. దాని వీపు మీద చెయ్యి వేసి, "కూర్చోనా?" అని అడిగాడు.

 మేదిని పళ్లెం దగ్గరికి లాక్కుని, ఒక్కో ముద్దా నెమ్మదిగా, ఏదీ వదలకుండా తినడం మొదలుపెట్టింది.

"కాసేపు నిలబడే ఉండు" అంది.

సాకేతరామ్ కుర్చీ మీద నుంచి చెయ్యి తీసి, నిలబడ్డాడు.